ధనబోడు పలక, చైనా పింగాణీ గిన్నె

మా ఊరి దేవుడు భవానీ ముక్తేశ్వరుడు. కృష్ణలో మునిగి గుడి మెట్లెక్కే ముక్త్యాల మనిషికి ముక్తి అన్న మాట ఊరి పేరులోనే వినపడుతుంది. ఉత్తరంగా జగ్గయ్యపేట వెళితే ఊరి పక్కనే ఇంకో పేరు ఎదురవుతుంది: ధనబోడు. ధనం పేరు పెట్టుకున్న గుట్ట. దాని మీద ఉన్నది మాత్రం అన్నీ వదులుకున్న బుద్ధుడి స్తూపం. 1882లో జేమ్స్ బర్జెస్ ఆ స్తూపాన్ని పరిశోధించి లోకానికి తెలియజేశాడు. అక్కడ దొరికిన పలకల్లో అందరికీ తెలిసింది మాంధాత చక్రవర్తి పలక. ఇప్పుడది చెన్నైలో, ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. అది క్రీ.పూ. 1వ శతాబ్దం నాటిదని ఎక్కువమంది పండితుల మాట.

ఆ పలక పక్కన నేను పెట్టి చూడదలచింది చైనా పింగాణీని. మింగ్ వంశం చివరి నూరేళ్లలోనూ, ఆ తర్వాత చింగ్ చక్రవర్తులు కాంగ్షీ (1662–1722), యుంగ్‌జెంగ్ (1723–35), చియెన్‌లుంగ్ (1736–95) కాలంలోనూ జింగ్దెజెన్ బట్టీల్లో కాలి వచ్చిన రంగుల గిన్నెలు, పళ్లేలు, కూజాలు. వాటి మీద దావో మతపు సిద్ధులు, అమృత ఫలాలు, కొంగలు, గబ్బిలాలు ఉంటాయి. మనవాళ్లకు చైనా పింగాణీ దగ్గర్లో చూడాలంటే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది.

రెండింటికీ నడుమ పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్ల దూరం. ఒకటి రాయి, ఇంకొకటి కాల్చిన మట్టి. అయినా పక్కపక్కన పెట్టడానికి గట్టి కారణమే ఉంది. రెండూ మనిషి అడిగే వరాల గురించే మాట్లాడతాయి: డబ్బు, పదవి, ఆయుష్షు. రెండూ గుర్తులతోనే మాట్లాడతాయి. పైగా వీటి మధ్య దారి లేకపోలేదు. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు షువాన్‌జాంగ్, మనం హ్యూయెన్‌త్సాంగ్ అనే ఆయన, మన కృష్ణా తీరపు ధాన్యకటక దేశానికి వచ్చి కొన్ని నెలలు ఉండి చదువుకున్నాడు. ఆయన యాత్రను కథగా అల్లుకున్న చైనా నవలలోనే వానర వీరుడొకడు స్వర్గంలో చొరబడి అమృత ఫలాలు దొంగిలిస్తాడు. కృష్ణ ఒడ్డున తిరిగిన సన్యాసి అలా అమృత ఫలాల కథలోకి వెళ్లాడు. ఆ ఫలాలే పింగాణీ మీద ఎక్కడ చూసినా పండి ఉంటాయి.

చూడగానే కనిపించేది

ముందు పలక. మధ్యలో నిలువెత్తున రాజు, తలకు పాగా, పైన గొడుగు. ఒక చెయ్యి పైకెత్తాడు. ఆ చేతికి పైన మబ్బు, మబ్బులోంచి వాన. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ చినుకులు చదరంగా ఉంటాయి. అవి నాణేలు. మన దేశపు తొలి నాణేల్లో చాలా వరకు అలాంటివే, ముద్రలు కొట్టిన చదరపు వెండి బిళ్లలు. శిల్పి తన కాలపు సంతలో చేతులు మారిన డబ్బునే ఆకాశంలోంచి కురిపించాడు. రాజు చుట్టూ చక్రవర్తికి ఉండవలసిన ఏడు రత్నాలు ఉన్నాయి: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, ధనాగారం చూసే గృహపతి, రాజ్యం నడిపే మంత్రి.

బొమ్మలు రాతిలోంచి పెద్దగా పైకి లేవవు. చెక్కాడనేకంటే ఉలితో గీశాడనాలి. కాళ్లూ చేతులూ సన్నగా, పొడుగ్గా ఉంటాయి. తర్వాతి కాలపు అమరావతి పలకల్లో మనల్ని ఊపేసే ఒంపులూ, ఒకరి మీద ఒకరు పడే గుంపులూ ఇక్కడింకా రాలేదు. ఎవరి చోటు వాళ్లది. పల్నాటి సున్నపురాయి సన్నటి రేణువుది కాబట్టి గీత తెగకుండా సాగింది. మా చుట్టుపక్కల సిమెంటు బట్టీలకు వెళ్లేదీ ఈ సున్నపురాయే.

ఇక పింగాణీ. కాంగ్షీ కాలపు, ఆకుపచ్చ రంగు ముందుండే పాత్రల్లో మామూలుగా కనిపించే తీరు ఇది. తెల్లమట్టీ రాతిపొడీ కలిపి చేసిన ఒళ్లు సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలి గాజులా మెరుస్తుంది. ఆ మెరుపు మీద నల్లటి సన్న గీతతో బొమ్మ గీస్తారు. గీత లోపల ఆకుపచ్చ, పసుపు, వంకాయ రంగు, ఇటుక ఎరుపు, నీలం నింపుతారు. మళ్లీ 800 డిగ్రీల దాపులో కాలుస్తారు. ఇవే మీనా రంగులు. వేలితో తడిమితే రంగు పొర తగులుతుంది. అంటే ఇక్కడా బొమ్మకు ప్రాణం గీతే. పలక మీద శిల్పి ఉలితో చేసింది, పళ్లెం మీద చిత్రకారుడు కుంచెతో చేశాడు. కాకపోతే రాతి గీత వెలుతురు పడే వైపును బట్టి కనిపిస్తుంది, మాయమవుతుంది. పింగాణీ గీత ఎటు తిప్పినా కనిపిస్తుంది. రాతి బొమ్మ కోసం మనం కదలాలి. గిన్నె మన చేతిలో తిరుగుతుంది.

గిన్నె తిప్పుతుంటే ఎనిమిదిమంది సిద్ధులు సముద్రం దాటుతుంటారు. చైనా భాషలో సిద్ధుడికి షియెన్ అని పేరు. ఆ అక్షరంలో ఒక పక్క మనిషి, ఇంకో పక్క కొండ ఉంటాయి. కొండ, సిద్ధుడు అనగానే తెలుగువాడికి శ్రీశైలం గుర్తుకు రావాలి. మల్లికార్జునుడి ప్రాకారం గోడ మీద సిద్ధులు బారులు తీరి ఉంటారు, చేప మీద కూర్చున్న మత్స్యేంద్రుడితో సహా. 15వ శతాబ్దంలో గౌరన ఆ నాథ సిద్ధుల కథనే ద్విపదలో నవనాథ చరిత్రగా చెప్పాడు. మనకు తొమ్మిదిమంది, వాళ్లకు ఎనిమిదిమంది. ఇద్దరిలోనూ రాజవంశీకుడూ ఉంటాడు, బిచ్చగాడూ ఉంటాడు.

మనిషి లేని గుర్తు

పలకకూ పింగాణీకీ అసలు చుట్టరికం ఇక్కడుంది. తొలినాటి బౌద్ధ శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. కృష్ణ దిగువన, ఆవలి ఒడ్డు అమరావతిలో తొలి పలకలు చూడండి. ఖాళీ ఆసనం, పైన గొడుగు, కింద రెండు పాదాల గుర్తులు, వెనక బోధివృక్షం, చుట్టూ చేతులు జోడించిన జనం. అందరూ ఉన్నారు, మధ్యలో ఉండవలసినవాడు కనిపించడు. కనిపించకపోవడమే ఆయన ఉనికి.

చింగ్ కాలపు పింగాణీ మీద దాగిన ఎనిమిదిమంది సిద్ధులనే నమూనా ఒకటుంది. అందులో మనుషులుండరు, వాళ్ల చేతుల్లోని వస్తువులే ఉంటాయి. విసనకర్ర కనిపిస్తే జోంగ్లీ చ్వాన్, కత్తి అయితే లూ దోంగ్బిన్, సొరకాయ బుర్ర అయితే లీ తియెగ్వాయ్, చిడతలు అయితే త్సావ్ గ్వోజ్యు. పూలబుట్ట లాన్ త్సాయ్‌హోది, వెదురు గొట్టపు వాద్యం జాంగ్ గ్వోలావ్‌ది, పిల్లనగ్రోవి హాన్ షియాంగ్‌జుది, తామర పువ్వు హో షియెన్‌గు అనే స్త్రీ సిద్ధురాలిది. రిబ్బన్లు కట్టిన ఆ వస్తువులు గిన్నె చుట్టూ గాల్లో తేలుతుంటాయి. వాటికి తోడుగా బౌద్ధుల అష్టమంగళాలను రాసిన పాత్రలూ ఉన్నాయి. ఆ ఎనిమిదిలో చక్రం ఒకటి, శంఖం ఒకటి, గొడుగు ఒకటి. మాంధాత పక్కన నిలబడ్డ చక్రమూ, తల మీది గొడుగూ దేశాలు దాటి వెళ్లి దావో సిద్ధుల సొరకాయ బుర్రకు పొరుగున కుదురుకున్నాయి.

అయితే రెండు లేమిలూ ఒకటి కావు. అమరావతి ఆసనం ఖాళీగా ఉండటానికి కారణం భక్తి. ఏ రూపానికీ అందని చోటికి వెళ్లినవాడికి రూపం కట్టకూడదన్న జంకు అది. పింగాణీ మీద సిద్ధులు లేకపోవడానికి కారణం పరిచయం. ప్రతి చైనా ఇంటికీ వాళ్లు అంతగా తెలుసు కాబట్టి విసనకర్ర చూపిస్తే చాలు. మన ఇళ్లలో నెమలిపింఛం చూడగానే కృష్ణుడు గుర్తొచ్చినట్టు. ఒక చోట గుర్తు దూరాన్ని చెబుతుంది, ఇంకో చోట దగ్గరితనాన్ని.

పింగాణీ గుర్తుల్లో మనకు ఇట్టే పట్టుబడే సొగసు ఇంకొకటుంది: శ్లేష. చైనా భాషలో గబ్బిలాన్నీ భాగ్యాన్నీ ఫు అనే అంటారు. జింకనూ జీతంతో కూడిన కొలువునూ లు అనే అంటారు. అందుకే పళ్లెంలో ఎర్రటి గబ్బిలాలు ఎగురుతాయి. ఎరుపుకూ అపారానికీ ఒకటే పలుకు కాబట్టి ఎర్ర గబ్బిలం అపారమైన భాగ్యం. మనకు గబ్బిలం అంటే 1941 నాటి జాషువా కావ్యం, గుడి చూరుకు వేలాడుతూ అంటరానివాడి మొర మోసిన ప్రాణి. వాళ్లకదే శుభం. ఒక్క పద్యంలో రెండు కథలు నడిపించిన పింగళి సూరన భాషవాళ్లం మనం. మాటలోని రెండర్థాలను కంటికి కట్టడం ఎంత తెలివైన పనో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

ఐదు గబ్బిలాలు కలిసి ఉంటే ఐదు భాగ్యాలు. దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యం, మంచి మీద ప్రీతి. ఐదోది ఆయువు తీరాక కలిగే ప్రశాంతమైన చావు. మన పెద్దలు దేవుణ్ణి అడిగే అనాయాస మరణమే అది. చావు లేని సిద్ధుల బొమ్మల మధ్య మంచి చావు కోరే గబ్బిలం ఎగురుతుంటుంది. పింగాణీని ఒట్టి శుభాల మూటగా చూసేవాళ్లు ఈ ఐదోదాన్ని లెక్కపెట్టరు.

కోరికకు హద్దు

ఇప్పుడు కథలు. మాంధాత మనకు కొత్తవాడు కాడు. చాలా పాతదాన్ని మాంధాతల కాలం నాటిదంటాం. గొప్పవాళ్లమనుకునేవాళ్లను మహా మాంధాతలంటాం. భోజుడు చిన్నతనంలో ముంజుడికి పంపాడని చెప్పుకునే శ్లోకం ఆయన పేరుతోనే మొదలవుతుంది. బౌద్ధ జాతకంలో ఆయన చేతులు తాకించగానే ఆకాశం నుంచి మోకాలి లోతు రత్నాలు కురుస్తాయి. భూమి చాలక స్వర్గానికి వెళతాడు. ఇంద్రుడు సగం సింహాసనం ఇస్తాడు. ముప్పై ఆరుమంది ఇంద్రులు మారేదాకా అక్కడే ఉంటాడు. అప్పుడు సగం ఎందుకు, మొత్తం కావాలనిపిస్తుంది. ఆ కోరికతోనే ముసలితనం వచ్చి మీద పడుతుంది. స్వర్గం నుంచి జారి తన ఉద్యానవనంలో పడి ప్రాణం వదులుతాడు.

చైనా సిద్ధుల్లో ఈ కథకు జోడీ లూ దోంగ్బిన్. అతను ఒక సత్రంలో కునుకు తీస్తాడు. పక్కన కొర్రల్లాంటి చిరుధాన్యం ఉడుకుతుంటుంది. కలలో పరీక్ష గెలుస్తాడు, పెద్ద కొలువు చేస్తాడు, పిల్లలూ సంపదా చూస్తాడు, చివరికి అన్నీ పోగొట్టుకుంటాడు. మెలకువ వచ్చేసరికి గింజ ఇంకా ఉడకలేదు. అప్పుడే జోంగ్లీ చ్వాన్ వెంట దావో మార్గాన వెళ్లిపోతాడు. మాంధాత అనుభవించి, తనివి తీరక పడిపోయాడు. లూ కలలోనే తనివి తీర్చుకుని పైకి లేచాడు. ఇద్దరూ చెప్పేది ఒకే నిజం. అందుకే గిన్నె మీద లూ చేతి కత్తిని యుద్ధపు కత్తిగా చదవకూడదు. మోహాన్ని తెంపే కత్తి అది.

లీ తియెగ్వాయ్ కథ తెలుగువాడికి ఇంకా దగ్గర. ఒళ్లు వదిలి ఆత్మగా వెళుతూ, ఏడు రోజులు చూడమని శిష్యుడికి అప్పగించాడు. శిష్యుడు గడువు తీరకముందే దహనం చేశాడు. లీ తిరిగొచ్చి, అప్పుడే చనిపోయిన కుంటి బిచ్చగాడి ఒంట్లో దూరాడు. ఇది పరకాయ ప్రవేశమే. మన శంకరాచార్యుల కథలో ప్రవేశం అమరుక మహారాజు శరీరంలోకి. ఇక్కడ వీధి బిచ్చగాడి శరీరంలోకి. అంతఃపురంలోకి వెళ్లినవాడు వెనక్కి వచ్చాడు. బిచ్చగాడి ఒంట్లో దూరినవాడు అక్కడే ఉండిపోయి ఆ కుంటికాలితోనే దేవుడయ్యాడు. పింగాణీ చిత్రకారులు అతణ్ణి అందగాడిగా దిద్దలేదు. చింపిరి జుట్టు, ఊతకర్ర, ముడతల ముఖం ఉన్నవి ఉన్నట్టు గీసి బొమ్మల వరుసలో నిలబెట్టారు.

మాంధాత కథకు చైనా చరిత్రలోనే ఒక నిజమైన జోడీ ఉంది. మింగ్ చక్రవర్తి జియాజింగ్ దావో పూజల్లో మునిగిపోయినవాడు. ఆయన కాలంలోనే జింగ్దెజెన్ పాత్రల మీద సిద్ధులు, కొంగలు, అష్టకోణపు దావో గుర్తులు వరద కట్టాయి. చావు రాకుండా ఉండటానికి రసాయనాలు మింగేవాడు. 1567 మొదట్లో ఆయన పోయాడు. ఆ మందులే ప్రాణం తీశాయని చరిత్రకారులు చాలామంది అనుకుంటారు. ఆ కాలపు గిన్నె మీద దీర్ఘాయువు అక్షరం కనిపించినప్పుడల్లా నాకు పైకెత్తిన మాంధాత చెయ్యి కనిపిస్తుంది.

చేతులు, పేర్లు

స్తూపం కట్టిన మూడు వందల ఏళ్ల తర్వాత, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ ఏట, ధనబోడు స్తూపం తూర్పు ద్వారం దగ్గర ఆయక స్తంభాలనే ఐదు రాతి కంబాలు నిలబెట్టారు. నిలబెట్టింది రాజు కాదు. నాకచంద కొడుకు సిద్ధార్థుడనే శిల్పి. శాసనంలో తల్లి నాగిలని పేరు చెప్పాడు, భార్య సముదని పేరు చెప్పాడు, కొడుకు మూలసిరి, కూతురు నాగబుధనిక పేర్లు చెప్పాడు. తమ్ముణ్ణీ మరదలినీ కలుపుకున్నాడు. అందరి మేలు కోసం ఈ దానమన్నాడు. రాయి చెక్కి బతికే కుటుంబం ఆ రాతి మీదే తన పేరు చెక్కుకుంది. మా సీమలో ఇంతకంటే గర్వపడదగ్గ శాసనం నాకు కనపడదు.

పింగాణీ పాత్ర అడుగు తిప్పితే నీలి రంగులో ఆరు అక్షరాలుంటాయి. అవి చెప్పేది వంశం పేరు, చక్రవర్తి పేరు, ఆ కాలంలో చేశామన్న మాట. చేసినవాడి పేరుండదు. జింగ్దెజెన్‌లో ఉన్న ఫ్రెంచి పాద్రి దాంత్రకోల్ 1712లో రాసిన ఉత్తరంలో ఒక్కో పాత్ర 70 మంది చేతులు మారుతుందన్నాడు. ఒకడు గీత గీస్తే ఒకడు రంగు నింపుతాడు. నీళ్లూ కొండలూ ఒకడివి, పక్షులు ఇంకొకడివి. 1677లో అక్కడి అధికారి పాత్రల మీద చక్రవర్తి పేరు రాయకూడదని ఆజ్ఞ వేశాడు. పాత్ర పగిలితే ఆ పేరు కాళ్ల కింద పడుతుందని భయం. చక్రవర్తి పేరు పగలకూడదని చూసినవాళ్లున్నారు, ఆ డెబ్బై మంది పేర్లు నిలవాలని చూసినవాళ్లు లేరు. ఇక్కడ నా మనసు మొహమాటం లేకుండా ధనబోడు వైపు మొగ్గుతుంది.

నేర్పు సంగతికొస్తే తూకం పింగాణీ వైపు మొగ్గుతుంది. మాంధాత పలకలో మనుషులు బిగుసుకుని ఉంటారు. డబ్బు వాన పడుతున్నా ఎవరి ముఖంలోనూ ఆ సంబరం లేదు. యుంగ్‌జెంగ్ కాలపు పీచ్ పళ్ల పళ్లెం చూడండి. చెట్టు కొమ్మ పళ్లెం వెలుపల మొదలవుతుంది. అంచు ఎక్కి, తెగకుండా లోపలికి పాకుతుంది. పళ్లు లోపల పండుతాయి. మూడు వేల ఏళ్లకొకసారి పండే, పశ్చిమ రాణి అనే దేవత తోటలోని అమృత ఫలాలవి. వాటి చెక్కిలి మీది గులాబీ ఛాయ బంగారాన్ని కరిగించి తీసిన రంగు. మాంధాత డబ్బును కురిపించాడు, కుమ్మరి బంగారాన్ని పండు సిగ్గులోకి దింపాడు. చియెన్‌లుంగ్ చివరి రోజులకు మాత్రం ఈ సంయమనం పోయింది. ఖాళీ చోటు కనపడనివ్వకుండా గుర్తులు కిక్కిరిసి, సిద్ధుల కథలు అల్లికగా మారాయి.

వెనక ఏముంది, లోపల ఏముంది

ఇన్ని పోలికలు చూశాక నాకు తేలింది ఒకటే. బొమ్మ దేన్ని చుట్టి ఉందో చూడకుండా దాని అర్థం చెప్పకూడదు.

మాంధాత పలక మీద వాన ఉంది, పతనం లేదు. పలకను ఒక్కదాన్నే చూస్తే అది సంపద బొమ్మే. శిల్పి పతనాన్ని చెక్కనవసరం లేకపోయింది. ఆ పలక స్తూపానికి తొడుగు. డబ్బు కురిపించే చక్రవర్తి వీపు వెనక ఉన్నది చక్రవర్తి కాగలిగీ కాకుండా ఇల్లు విడిచి వెళ్లినవాడి జ్ఞాపకం. ఈ బిడ్డ అయితే చక్రవర్తి, లేదంటే బుద్ధుడు అవుతాడని పుట్టినప్పుడు జోస్యం చెప్పారు. మొదటి దారి రాతి మీద బయటికి కనిపిస్తుంది, రెండో దారి రాతి వెనక మట్టిదిబ్బలో ఉంది. చుట్టూ ప్రదక్షిణ చేసేవాడు కుడివైపున ఆ రెండింటినీ ఒక్కసారే ఉంచుకుని నడిచేవాడు.

పింగాణీ గిన్నె చుట్టి ఉన్నది ఖాళీని. మట్టితో పాత్ర చేస్తాం గానీ మనకు పనికొచ్చేది దానిలోని శూన్యమేనన్న ఆలోచన లావోజు పేరిట వచ్చిన దావో గ్రంథంలో ఉంది. ఎనిమిదిమంది సిద్ధులూ, గబ్బిలాలూ, జింకలూ, పళ్లూ ఆ శూన్యం చుట్టూ గోడ మీదే తిరుగుతాయి. అన్నం పెట్టుకున్నా, టీ పోసుకున్నా కాసేపట్లో మళ్లీ ఖాళీ అవుతుంది. వెలుపల ఎన్ని వరాలు రాసినా లోపలిది నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది. లూ దోంగ్బిన్ కల చెప్పిందీ అదే.

స్తూపం నిండు ముద్ద, గిన్నె డొల్ల. ఒకటి చుట్టూ మనం నడవాలి, ఇంకొకటి మన చేతుల మధ్య తిరగాలి. రెండూ తమ మీద సంపదను రాసుకుని, అసలు సంగతిని వెనకో లోపలో పెట్టుకున్నాయి. ధైర్యం విషయంలో నేను పలకకే మొదటి చోటిస్తాను. గుట్టకు ధనం పేరున్నా, పలక మీద ధనం కురుస్తున్నా, అది చివరికి మనల్ని నడిపించేది ముక్తి వైపే. ఇంట్లో మనిషికి తోడుండే గుణంలో మాత్రం గిన్నెకే. అది సన్యాసులను అన్నం దగ్గరికి తెచ్చింది.

ఇవాళ పలక ఎగ్మూరులో గోడకు ఆనుకుని ఉంది, వెనక దిబ్బ లేదు. గిన్నె అద్దాల బీరువాలో ఉంది, లోపల ఎవరూ ఏమీ పోయరు. రెండింటికీ సగం అర్థం ఊడిపోయింది. ఆ సగాన్ని చూసేవాడే తెచ్చుకోవాలి. జగ్గయ్యపేట పిల్లల్ని బడివాళ్లు ఒకసారి ధనబోడు ఎక్కించి, అక్కడ నిలబెట్టి మాంధాత పలక ఫొటో చూపిస్తే చాలు. పైకెత్తిన చెయ్యి ఎటు చూపిస్తోందో, ఆ చేతి వెనక ఏముండేదో వాళ్ల కాళ్ల కింది గుట్టే చెబుతుంది.